బేసు తగలాలంటే

తల వెంట్రుక కంటే సన్నని రాగి తీగ కంటికి ఆనడం మానేసినప్పుడు నేను పని మానేశాను. అంతకు మించి పెద్ద కారణం లేదు. వేళ్లు బాగానే ఉన్నాయి, కూర్చునే ఓపికా ఉంది. కానీ తీగ తెగిందో లేదో చెప్పడానికి ప్రతిసారీ పక్క షాపులోని టైలరును పిలవాల్సి వస్తుంటే, చేతిలో పని వదిలి వచ్చే ఆయన మొహం చూసి నాకే సిగ్గేసింది. ఇక చాలులే అనుకున్నాను.

నా పేరు నాగన్న. కర్నూల్లో బేసు గిటార్లు బాగుచేసేవాణ్ణి. బాగుచేయడం అంటే పూర్తిగా చెప్పినట్టు కాదు. పాత రూపు పాడుకాకుండా లోపలి సరంజామా మార్చి, మెడ సరిచేసి, దాని గొంతు బాగుపడేలా చేసేవాణ్ణి. మా వీధిలో చాలామందికి నేను ఇప్పటికీ మోటార్ వైండింగ్ నాగన్ననే. అదీ అబద్ధం కాదు, ఎలాగో చెబుతాను.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు పిల్లలు, కడప నుంచి ఒకమ్మాయి కూడా, ఈ పనిలోకి దిగుతామని నా దగ్గరికి వచ్చారు. అందరికీ సోల్డరింగ్ వచ్చు. ఫోన్లో వీడియోలు చూసి నాకు తెలియని సంగతులు కూడా చెప్పారు. వాళ్ల చేతులకు నేను నేర్పేది ఏమీ లేదు. ఈ పనిలో చేతులకంటే ముందు చెవులు మోసపోతాయి, ఆ సంగతి మాత్రం ఏ వీడియోలోనూ చెప్పడం లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

బేసు గిటారు తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. నాలుగు లావు తీగలు, లోతైన శబ్దం. పాటలో అది ఉందని చాలామంది గమనించరు. లేకపోతే మాత్రం పాట తూర్పారబట్టిన పొట్టులా ఎగిరిపోతుంది. మా వైపు అది చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, కొన్ని భజన బృందాల్లో కనిపిస్తుంది. అందరికీ పాత తరహా గిటారే కావాలి. మధ్యలో తేనె రంగు, అంచులకు పోయేకొద్దీ నలుపు, పైనొకటి కిందొకటి రెండు కొమ్ములు. నిజంగా పాతవి మా జిల్లాలో ఎవరి దగ్గరా నేను చూడలేదు. అన్నీ ఆ రూపు చూసి చేసిన నకళ్లే. నకలే కదా అని తీసిపారేయకండి. చెక్క చాలావరకు మంచిదే వేస్తారు. పిసినారితనమంతా లోపలి వైర్ల దగ్గర చూపిస్తారు.

తిరగని మోటారు

నేను పని నేర్చుకున్నది రసూల్ సాబ్ దగ్గర. కోడుమూరు పోయే రోడ్డులో ఆయనకు వైండింగ్ షాపు ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయిన బోరు మోటార్లు ట్రాక్టర్లలో వచ్చి మా షాపు ముందు పడేవి. వాటిని తెచ్చిన రైతులు అక్కడే కూర్చునేవాళ్లు. అక్కడ పైరు వాడిపోతుంటే ఇంటికి పోయి మాత్రం ఏం చేస్తారు? మేం కాలిన తీగ విప్పి, కొత్త తీగ చుట్టి ఇచ్చేదాకా మా చేతుల వైపే చూస్తుండేవాళ్లు. అలా చూసే కళ్ల ముందు పని నేర్చుకున్నవాడికి తర్వాత ఏ గిరాకీ అన్నా భయం ఉండదు.

రసూల్ సాబ్ మెచ్చుకోవడం నేను వినలేదు. ఆ విషయంలో ఆయనది తప్పేనని ఇప్పటికీ అంటాను. ఒక మంచి మాట అంటే ఆయన సొమ్మేం పోయేది కాదు. కాయిలు, అంటే తీగ చుట్ట, తప్పు చుట్టానని తెలిస్తే “మొత్తం విప్పు” అనేవాడు. ఆ రెండు మాటలే నా చదువు. కానీ ఒక అలవాటు ఆయన దగ్గరే పట్టుకున్నాను. మోటారులోంచి తీసిన పాత తీగను సంచిలో వేసి రైతు చేతికే ఇచ్చేవాడు. నీ వస్తువులోంచి తీసింది నీదే, దాన్ని ఉంచుకుంటావో పారేస్తావో నీ ఇష్టం, మాకు సంబంధం లేదు అనేవాడు. గిటార్ల దగ్గర ఇది మరీ ముఖ్యం. పాత భాగం పారేస్తే ఆ పాత గొంతు మళ్లీ దొరకదు. తీసిన ప్రతి ముక్కనూ మనిషి చేతికి తిరిగి ఇవ్వండి.

మంత్రాలయం నుంచి ఒక భజన బృందం ఆయన ఒకరోజు బేసు గిటారు పట్టుకుని మా షాపుకే వచ్చాడు. హైదరాబాదులో చూపిస్తే పికప్ పోయింది, కొత్త గిటారే కొనుక్కోమన్నారట. పికప్ అంటే తీగల కింద ఉండే కాయిలు. తీగ ఊగితే ఆ ఊపును పట్టుకుని, శబ్దం పెంచే యాంప్‌కు పంపేది అదే. కాయిలు అన్న మాట విని, కాయిళ్లు చుట్టేవాళ్లు యాడ ఉన్నారని అడుగుతూ అడుగుతూ మా దగ్గరికి చేరాడు. రసూల్ సాబ్ దాన్ని విప్పి, అయస్కాంతం చూసి, తీగ చూసి నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు.

“అరే నాగా, ఇది మోటరే రా. తిరగని మోటరు.”

అంతే, నా బతుకు ఆ మాటతో పక్కదారి పట్టింది. మోటారు తీగ పురికొస అంత ఉంటే ఇది వెంట్రుకంత కూడా లేదు. చేత్తో చుట్టబోతే తెగేది. చివరికి రసూల్ సాబ్ భార్య కుట్టుమిషను తెచ్చి, దారం కండె తిరిగే చోట పికప్‌ను బిగించి చుట్టాం. మిషను పాడుచేస్తారని ఆమె ఆ పూటంతా గుమ్మంలో కాపలా కూర్చుని తిట్టింది. ఆ తిట్లతోనే మొదటి పికప్ పలికింది.

ఆ ఊపులో నేనొక తెలివితక్కువ లెక్క వేశాను. చుట్లు పెరిగితే శబ్దం పెరుగుతుంది కదా, కాబట్టి ఎంత ఎక్కువ చుడితే అంత మంచిదని తర్వాతి గిటారుకు కండె నిండా చుట్టాను. శబ్దం పెరిగింది. కానీ నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడుతున్నట్టు పలికింది. రసూల్ సాబ్ విని, రైతుకు ఎక్కువ నీళ్లు కావాలి గాని దీనికి ఎక్కువ ఎందుకు రా అన్నాడు. తర్వాత మామూలే, మొత్తం విప్పించాడు.

ఎండ పని ఎండ చేస్తుంది

పుస్తకాలు, వీడియోలు చేసేవాళ్లు మన ఎండలు చూసినవాళ్లు కారు. ఏప్రిల్ దాటితే గిటారు మెడ, అంటే తీగలు పరుచుకుని ఉండే పొడుగు చెక్క, ఎండి కుంచించుకుపోతుంది. మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీలు మాత్రం కుంచించుకోవు. వాటి కొసలు బయటికి పొడుచుకొచ్చి చేతిని గీస్తాయి. ఆ కొసల్ని ఎండాకాలంలోనే ఆకురాయితో అరగదీయాలి. వానాకాలంలో చూస్తే అవి లోపలికి దాక్కుని ఉంటాయి, ఏ తప్పూ కనబడదు.

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను మధ్యాహ్నం పూట బండి మీద గిటారు వేసుకొచ్చాడు. నల్ల సంచి, మిట్ట మధ్యాహ్నం, అంత దూరం. మెడ వంగింది, దాన్ని నిటారుగా ఉంచే లోపలి ఇనుప కమ్మీ బిగించమన్నాడు. పికప్‌లు, తీగల అడుగు కొసలు ఆనే బ్రిడ్జి, తీగలు బిగించే మరలు కూడా అన్నీ మార్చాలని ఫోన్లో రాసుకొచ్చాడు. నేను సంచి ముట్టుకుంటే చెయ్యి కాలింది. రెండు రోజులు నీడన పెట్టి పొమ్మన్నాను. పని తెలియని ముసలోడి దగ్గరికి వచ్చానని అతని మొహంలో రాసి ఉంది. రెండు రోజుల తర్వాత చూసుకుంటే మెడ దానంతట అదే సర్దుకుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? కమ్మీ బిగించి ఉంటే చల్లబడ్డాక మెడ రెండోవైపు వంగి మొదటికే మోసం వచ్చేది. చివరికి అతనికి మార్చింది ఒక్క వాల్యూమ్ గుండీ, మెడ చివర తీగలు ఆనే ఎముక ముక్క. అన్నీ మార్చమనే గిరాకీకి నిజానికి ఏది బాగాలేదో తెలియదు. తెలిసినవాడు ఒక్కదాన్నే చూపిస్తాడు.

గుంతకు పోసిన నీళ్లు

కోడుమూరు వైపు ఒక పల్లెటూరి చర్చిలో బేసు గిటారు ఎండాకాలమంతా గుయ్‌మని మూలిగేది. నాకంటే ముందు ఎవరో దాని పికప్‌లు మార్చారు, లోపలంతా రాగి రేకు అతికించారు. మూలుగు పోలేదు. నేనూ ముందు గిటారునే అనుమానించి ఒక పూట పాడుచేసుకున్నాను. ఆఖరికి చర్చి వెనక కరెంటుకు ఎర్త్ వేసిన గుంత చూస్తే మట్టి పగుళ్లు విచ్చి ఉంది. తేమ లేని నేలలో ఎర్త్ పనిచేయదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది నా పని.

రెండు బిందెలు నీళ్లు, పిడికెడు ఉప్పు పొయ్యమని చెప్పి నేనే బిందె ఎత్తాను. అక్కడున్న ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“తాగేదానికి నీళ్లు ల్యాకుంటే గుంతకు పోస్తాండావా అప్పా?”

బిందె దించాను. ట్యాంకరు కోసం బిందెలు వరుసగా పెట్టిన ఊరు అది. ఆ గుంతలో నీళ్లు పోయాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదేమో అనుకున్నాను గాని, చెప్పినా పోసి ఉండరు. మంచినీళ్లు మట్టిలో పోయడం ఆ ఊళ్లో పాపం కింద లెక్క. ప్రార్థన భోజనాల తర్వాత అందరూ చేతులు కడిగే చోటును గుంత దగ్గరికి మార్చుకుందామని ఆ పెద్దమ్మే చెప్పింది. మూలుగు పోయింది. గిటారులో తప్పు వెతికేముందు గిటారు నిలబడ్డ నేల చూడాలని నాకు అక్కడ తెలిసింది.

దానియేలు

ఇప్పుడు చెప్పబోయేది నా పని చివరి రోజుల సంగతి. ఇది రాయడానికే మిగతాదంతా రాశానేమో అని కూడా అనిపిస్తోంది.

దానియేలు ఒక చిన్న రైతు. రెండు మూడెకరాల మెట్ట, శెనక్కాయలో కందులో వేసేవాడు. వాళ్ల ఊరి చర్చిలో పెళ్లయిన కొత్తల్లోనే బేసు వాయించడం మొదలుపెట్టాడు. ఏదో ఆర్కెస్ట్రా మూతపడుతుంటే కొన్న గిటారు. ముంజేయి ఆనే చోట రంగంతా పోయి చెక్క కనబడేది. అతని భార్య సువార్తమ్మ పాట ఎత్తుతుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఆమె గొంతు వింటే నాలాంటివాడు కూడా చెప్పులు విప్పి నిలబడతాడు.

అతనికి చిన్నప్పటి నుంచి చెవులు కారేవి. అలా కారీ కారీ కర్ణభేరి పోయింది, లోపలి నరం మాత్రం బాగుందని డాక్టరు చెప్పాడట. చెవి మిషను పెట్టుకుంటే తడికి పాడయ్యేది. దగ్గరికొచ్చి అరిస్తే మాట అందేది. లేకపోతే పెదాలు చూసి అర్థం చేసుకునేవాడు.

ఇద్దరూ గిటారు తీసుకుని నా దగ్గరికి వచ్చారు. అతను గిటారు నా బల్ల మీద పెట్టి ఒక్కటే చెప్పాడు.

“నాగన్నా, తగల్తా ల్యాదప్పా. నాకు తగలాల.”

అతను బల్ల మీది సామాను చూస్తుంటే సువార్తమ్మ గోడ వైపు తిరిగి, అతనికి పెదాలు కనబడకుండా, నాతో అసలు సంగతి చెప్పింది. పాట ముందు పోతోందట, దానియేలు వెనక వెనక వస్తున్నాడట. చర్చి ప్రతిష్ఠ పండుగ అయ్యాక అతన్ని కూర్చోబెట్టి బేసు పని ఇంకొకరికి ఇవ్వాలని పాస్టరు అనుకుంటున్నాడట. ఆయన మంచివాడే, ఈ మాట దానియేలుకు ఎలా చెప్పాలో తెలియక ముందు ఆమెకు చెప్పాడు. ఆమెకూ చెప్పడం చేతకాలేదు. ఆ పండుగలోపు ఏదో ఒకటి చేయమంది.

తగలాల అన్న మాట నాకు కొత్త కాదు. ఆర్కెస్ట్రా వాళ్లు రోజూ అనేదే. బేసు రొమ్ముకు తగలాల అంటారు, గుండెకు తగలాల అంటారు. దానికి అర్థం ఒకటే, ఇంకా గట్టిగా రావాలి. నేనూ అదే అనుకున్నాను. చెవులు వినబడని మనిషికి ఇంకా గట్టిగా కావాలి, ఇందులో ఆలోచించేది ఏముంది? బలమైన అయస్కాంతాలతో కొత్త పికప్‌లు వేశాను, బ్యాటరీతో నడిచే చిన్న బోర్డు పెట్టాను, తీగలకు బరువైన ఇత్తడి బ్రిడ్జి బిగించాను. నా చేతిలోంచి అంత పెద్ద గొంతు అంతకుముందు రాలేదు. పాతవన్నీ సంచిలో వేసిచ్చాను.

రెండు ఆదివారాలు గడిచాక మళ్లీ వచ్చారు. చర్చి కిటికీలు అదురుతున్నాయని సువార్తమ్మ చెప్పింది. అతను మాత్రం అదే మాట. తగల్తా లేదు, తగలాల. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. ఇంకేం తగలాలి, పిడుగా? అనుకున్నాను. అనలేదు. వచ్చే ఆదివారం నేనే వస్తానని చెప్పి పంపాను.

చర్చిలో నన్ను తీసుకెళ్లి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. వెనక నిలబడి చూడాలనుకున్నవాణ్ణి, మర్యాదకు చిక్కిపోయాను. ఒక విధంగా అదే మంచిదైంది. దానియేలు గిటారు పైకొమ్ము మీద దవడ ఆనించి వాయిస్తున్నాడు. వయసు మళ్లిన మనిషి అలసట కొద్దీ ఆనించాడనుకున్నాను. కాసేపటికి అతని కళ్లు చూశాను. అవి సువార్తమ్మ నోటి మీదే ఉన్నాయి, రెప్ప పడితే పాట జారిపోతుందన్నట్టు. ఆమె ఆడవాళ్ల వైపు తిరిగి పాట అందించినప్పుడల్లా అతనికి ఆ నోరు కనబడక బేసు ఒక అడుగు వెనకబడేది. ఆమె తిరిగి ఇటు చూడగానే పరిగెత్తి కలుసుకునేది.

ప్రార్థన అయ్యాక వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం. జొన్న రొట్టెలు, ఊరిబిండి పచ్చడి. సువార్తమ్మ పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తోంది. నేను దానియేలు చెవి దగ్గర నోరు పెట్టి, నీకు తగలాల్సింది ఏందప్పా, సరిగ్గా చెప్పు అని అరిచాను.

“బేసు నాకు తగల్తానే ఉండాదప్పా. దవడ ఆనిస్తే చాలు, లోపలంతా ఇనపడ్తాది. నాకు తగలాల్సింది ఆయమ్మ పాట.”

అతనే మళ్లీ అన్నాడు.

“నన్ను తీసేస్తారని ఎరుకే నాకు. తీసేస్తే తీసేయనీ. ఆ పాట ఇనక శానా ఏండ్లాయ. అది ఇనకుండానే పోతానేమోనని.”

సువార్తమ్మ వెనక్కి తిరగలేదు. పెనం మీద రొట్టె మాడింది. ఆ ఇంట్లో ఆమె రోజంతా మొగుడికి అరిచి చెప్పేది. నీళ్లు కాగాయని, పాలవాడు వచ్చాడని. అరుపు అతనికి అందేది. అరుపులో మనిషి గొంతు ఉండదు. ఇతనికి గిటారు మీదున్న ప్రేమ ఇంకెవరి మీదా లేదని ఆమె అన్నేళ్లూ అనుకుందట, తర్వాత నాతో చెప్పింది. ఆ పూట మాత్రం నేను చాలంటున్నా వినకుండా నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

తగలడం అంటే గట్టిగా రావడమని ఇన్నేళ్లూ నమ్మి పనిచేశాను. తగలడం అంటే తాకడమే కదా. చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట.

షాపుకు వచ్చి ఒక పాత చిన్న స్పీకరు విప్పాను. పికప్ వినే కాయిలు, స్పీకరు మాట్లాడే కాయిలు. అయస్కాంతం ఒకటే, తీగ ఒకటే, పని ఎదురు. కాగితపు గరాటు పీకేసి, కాయిలును ఒక చెక్కముక్కకు బిగించి, చెవుల్లో దూది పెట్టుకుని ఆ చెక్కను దవడకు ఆనించాను. ఫోన్లోని పాట నా పుర్రె లోపలి నుంచి వినబడింది. ఎముకకు ఆనించుకునే హెడ్‌ఫోన్లు బజార్లో దొరుకుతాయని తర్వాత ఎవరో చెప్పారు. అప్పుడు నాకు తెలిసుంటే అవే కొనుక్కోమని చెప్పి పంపేవాణ్ణి. తెలియకపోవడమే మంచిదైంది.

గిటారు పైకొమ్మును వెనక వైపు నుంచి తొలిచి కొత్తగా చుట్టిన కాయిలును లోపల దాచాను. ముందు వైపు రంగు మీద గీత కూడా పడనివ్వలేదు. సువార్తమ్మ మైకు నుంచి ఒక వైరు శబ్దాలు కలిపే మిక్సర్ పెట్టె మీదుగా ఆ కొమ్ములోకి రావాలి. ఆమె పాడితే కొమ్ము అదరాలి, ఆ అదురు దవడకు తగలాలి.

షాపులో పరీక్షకు నేనే మైకులో పాడాను. కొమ్ము అదిరింది, బాగానే ఉంది. కానీ కొమ్ములో మాట్లాడే కాయిలును పికప్ కూడా వినేసి, బేసు యాంప్‌లోంచి నా పాట సన్నగా బయటికి వచ్చింది. టైలరు పరిగెత్తుకొచ్చి ఎవరికి దెబ్బ తగిలిందని అడిగాడు. నా గాత్రం అలాంటిది. కొమ్ములోని కాయిలుకు ఇనుప రేకుతో డబ్బా కట్టాను. పికప్‌కు ఎదురు చుట్టు చుట్టిన రెండో కాయిలు జతచేశాను. ఒకటి పట్టుకున్న చెత్తను రెండోది కొట్టేస్తుంది. నేను అంతకుముందు గర్వంగా బిగించిన బ్యాటరీ బోర్డు, ఇత్తడి బ్రిడ్జి రెండూ తీసేశాను. సంచిలో ఇచ్చిన పాత బ్రిడ్జి తెప్పించి దాన్నే మళ్లీ బిగించాను. ఆ రెండో కాయిలు చుట్టేటప్పుడు తీగ పదే పదే తెగింది. నా కళ్లతో చేసిన ఆఖరి మంచి పని అదే.

పండుగ ముందు రోజు చర్చిలో పాటల అభ్యాసం పెట్టుకున్నారు. గిటారు నేనే పట్టుకెళ్లాను. శెనక్కాయ పెరికే పనిలో ఉన్న దానియేలు చేని నుంచి నేరుగా వచ్చాడు, కాళ్లకు ఎర్రమట్టితో. ఏం చేశానో అతనికి చెప్పలేదు. దవడ ఎప్పటిలాగే ఆనించమని సైగ చేశాను.

సువార్తమ్మ పాట ఎత్తింది.

దానియేలు వాయించలేదు. తీగల మీద వేళ్లు అలాగే ఉన్నాయి. చెడిపోయిందేమోనని వంగి వైరు చూశాను. పాస్టరు నా వైపు చూశాడు. పల్లవి సగం గడిచిపోయింది. అప్పుడు అతను కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకుని బేసు ఎత్తుకున్నాడు. సువార్తమ్మ కావాలనే ఆడవాళ్ల వైపు తిరిగి పాడింది. బేసు ఆమెను వదల్లేదు. ఆమె చరణం చివర లాగితే అదీ లాగింది, ఆమె ఊపిరికి ఆగితే అదీ ఆగింది. నేను ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. పాస్టరు నా పక్కకు వచ్చి, రేపటి పండుగకే కాదు, తర్వాత కూడా ఆయనే వాయిస్తాడని నాతో మెల్లగా చెప్పాడు.

పాట అయిపోయింది. దానియేలు దవడ ఎత్తి భార్య వైపు చూశాడు. వినబడనివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, చర్చి అంతా మారుమోగేలా అన్నాడు.

“నీ గొంతు ముసల్దయిపాయ గదే.”

పిల్లలు నవ్వారు. సువార్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఎప్పుడో ఆయ, నీకు ఈ పొద్దు తెల్సింది అంది. ఆ మాట అతనికి అందలేదు. మామూలుగా అయితే ఆమె దగ్గరికి పోయి చెవిలో అరవాలి. అతను మళ్లీ వంగి కొమ్ము మీద దవడ ఆనించి, ఏమంటివి అన్నాడు.

ఆమె మైకును పెదాల దగ్గరికి తెచ్చుకుని, అరవకుండా, ఆ మాటే మెల్లగా మళ్లీ చెప్పింది.